పది సెకన్ల పరుగుకి పదకొండు గంటల పని

ఇరవై ఏళ్ళ కొడుకు, వాడికో బైకు ఉన్న ఇంట్లో రాత్రి పదిన్నర దాటాక తల్లి చెవి ఒకటి వీధి వైపే ఉంటుంది. టీవీ చూస్తున్నా, పప్పు నానబోస్తున్నా, ఆ చెవి మాత్రం అక్కడే. సందు మొదట్లో మన బండి చప్పుడు వినబడ్డాకే ఆవిడకి నిద్ర. తార్నాకలో ఉండే మా అక్క అలాంటి తల్లే. కొడుకు డిగ్రీ మూడో సంవత్సరం. రెండు వందల సీసీ బండి.

మొన్నామధ్య ఒక శనివారం అర్ధరాత్రి నెక్లెస్ రోడ్డు వైపు బైకు పందేలు వేస్తున్న కుర్రాళ్ళని పోలీసులు పట్టుకుంటే, ఆ గుంపులో మావాడూ ఉన్నాడు. పందెం వేయలేదట, చూడ్డానికి వెళ్ళాడట. (దొరికిన అందరూ చూడ్డానికి వెళ్ళినవాళ్ళే. మరి వేసిందెవరో ఆ హుస్సేన్ సాగర్ బుద్ధుడికే తెలియాలి!) తల్లిదండ్రుల్ని పిలిపించి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించారు. "నువ్వే చెప్పాలిరా తమ్ముడూ, నీ మాటైతే వింటాడు" అంది అక్క.

ఏం చెప్పను? ఉపన్యాసం నా వల్ల కాదు. బళ్ళంటే నాకూ పిచ్చే. నేను సికింద్రాబాద్‌లో పెరిగినవాణ్ణి. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి 1985లో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే రాజ్‌దూత్ 350 వచ్చింది. ఎం.జి. రోడ్డు మీద ఆ రాజ్‌దూత్ వెళ్తుంటే తల తిప్పి చూడని కుర్రాడు మా బ్యాచిలో లేడు. రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణాల ముందు నిలబడి, కొనేదేమీ లేకపోయినా పిస్టన్లు చూసి వచ్చేవాళ్ళం. అలాంటివాణ్ణి వెళ్ళి "వేగం తప్పు నాయనా" అంటే వాడు నవ్వడూ?

అందుకని చెప్పడం మానేసి, చూపిద్దామనుకున్నాను. నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. అరవై దాటాయి. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అంతే. టూ స్ట్రోక్ ఇంజను గురించి ఆయనకి తెలియనిది లేదు. ఆయన తయారు చేసిన ఆర్‌ఎక్స్ 100తో బోయినపల్లి కుర్రాడొకడు చెన్నై దగ్గర జరిగే డ్రాగ్ రేసుకి వెళ్తున్నాడు. "మీతోపాటు మేమిద్దరం రావచ్చా?" అని అడిగాను. "రండి సాబ్. కానీ ఖాళీగా కూర్చోనీయను. పిలగానికి పని చెప్తా" అన్నారు.

డ్రాగ్ రేసుకి తీసుకెళ్తున్నానని ఫోన్‌లో చెబితే మా అక్క "డ్రగ్స్" అని వినిపించుకుని గుండె బాదుకుంది. సర్ది చెప్పేసరికి చార్జింగ్ అయిపోయింది.

బండి, సామాను ముందు రోజే వ్యాన్‌లో వెళ్ళాయి. మామా అల్లుళ్ళం రైలెక్కి పొద్దున్నే చెన్నైలో దిగి, ఇడ్లీ తిని, శ్రీపెరుంబుదూరు దారి పట్టాం. ఆ దారిలో ఇరుంగాట్టుకోట్టై అనే చోట ఉంది రేసు ట్రాకు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళది. 1990లో మొదలైంది. చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. అంతకు ముందు ఆ క్లబ్ వాళ్ళు చెన్నైకి ఉత్తరాన షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద రేసులు పెట్టేవారు. ఈ రన్‌వే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

డ్రాగ్ రేసంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి. దారి తిన్నగా ఉంటుంది, ఒక్క మలుపు ఉండదు. ఎదురుగా దీపాల స్తంభం ఒకటి, దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. పసుపు దీపాలు, ఆ వెంటనే పచ్చ. పచ్చ పడగానే వదలాలి. ముందే కదిలావా, ఎర్ర దీపం, ఇంటికి. అమెరికాలో ఈ పరుగు పావు మైలు, అంటే 402 మీటర్లు. ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకులోని తిన్నటి భాగం మీదే పరిగెత్తాలి కాబట్టి దూరం తక్కువ, సుమారు మూడు వందల మీటర్లు. పరుగు పదీ పరక సెకన్లలో అయిపోతుంది. తుమ్మితే అయిపోయినట్టే.

"ఇంతేనా మామా? దీనికోసం ట్రైనెక్కి వచ్చినమా?" అన్నాడు మావాడు.

ఇంతే. కానీ అది పరుగు సంగతి. మేము రోజంతా ఉన్నది పిట్స్‌లో. పిట్స్ అంటే బళ్ళు సిద్ధం చేసుకునే చోటు. వరసగా షెడ్లు, చాలనివాళ్ళకి టెంట్లు. నేల మీద పరిచిన గోనె పట్టా, దాని మీద పానాలు, స్క్రూడ్రైవర్లు, పెట్రోలు క్యాన్లు, ఆయిల్ డబ్బాలు, ఎవరో తెచ్చిన పులిహోర డబ్బా. కొల్హాపూర్ వాళ్ళు, బెంగళూరు వాళ్ళు, కోయంబత్తూరు వాళ్ళు. ఒక పక్క లక్షలు పోసిన హయబుసాలు. మన దేశంలో ఈ ఆటకి పెద్ద పేరు బెంగళూరుకి చెందిన హేమంత్ ముద్దప్ప, హయబుసా మీద ఎన్నోసార్లు జాతీయ ఛాంపియన్. ఇంకో పక్క, మన కాలనీలో పాల ప్యాకెట్లు వేసేవాడి బండి లాంటి ఆర్‌ఎక్స్‌లు. కాస్త దగ్గరగా చూస్తే తెలుస్తుంది, అది పాల బండి కాదని. అద్దాల్లేవు, ఇండికేటర్లు లేవు. వెనక చక్రం సాగదీసినట్టు దూరంగా ఉంది. ముందు చక్రం గాల్లోకి లేవకుండా అలా పొడుగు చేస్తారు.

పొద్దున్నే మొదటి మజిలీ తనిఖీ. స్క్రూటినీ అంటారు. ఫుల్ ఫేస్ హెల్మెట్, తోలు సూటు, గ్లవ్స్, బూట్లు అన్నీ చూస్తారు. ఆ తర్వాత బండి. తనిఖీ చేసే పెద్దమనిషి మన బండి వెనక బ్రేకు తొక్కి చూసి, తల అడ్డంగా ఊపి, పక్కన పెట్టించాడు. బ్రేకు సరిగ్గా పట్టడం లేదు, చేసుకుని రండి అన్నాడు.

మావాడికి నవ్వొచ్చింది. "తిన్నగా ఉరికే రేసుల బ్రేకుతోని ఏం పని ఉస్తాద్?"

ఉస్తాద్ నవ్వలేదు. వాడి చేతికి పానా ఇచ్చి, చక్రం విప్పమని కూర్చోబెట్టారు. "బేటా, గీత దాకా ఇంజన్ పని. గీత దాటినంక బ్రేక్ పని. గీత తర్వాత కూడా జిందగీ ఉంటది గదా?" అన్నారు.

ఆ తర్వాత వాణ్ణి తీసుకెళ్ళి, గెలుపు గీత అవతల ఏముందో చూపించారు. అక్కడేమీ లేదు. ఖాళీ తారు. మనుషుల్లేరు, గోడ దగ్గరగా లేదు. ఆ ఖాళీయే అక్కడ అన్నిటికన్నా ఖరీదైన సరుకు. బళ్ళు ఆగడానికి వదిలిన చోటు అది. మన ఊళ్ళో రోడ్డు మీద పందెం వేసే పిల్లలు అన్నీ సంపాదిస్తారు. బండి సంపాదిస్తారు, పెట్రోలు సంపాదిస్తారు, ఫోన్లో వీడియో తీసేవాణ్ణి సంపాదిస్తారు. ఆగే చోటుని మాత్రం ఎవరూ సంపాదించలేరు. అది వాళ్ళ చేతిలో లేదు. గంటకి వంద కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు ఇరవై ఎనిమిది మీటర్లు. అడ్డంగా కుక్క వచ్చిందనో, ఇడ్లీ బండి తోసుకుంటూ ఒకాయన వచ్చాడనో బుర్రకి తెలిసి, వేలు బ్రేకు మీదకి వచ్చేలోపే ఆ ఇరవై ఎనిమిది మీటర్లూ అయిపోతాయి. ఆగడం ఇంకా మొదలే కాలేదు.

ఈ ఆటలో దిగ్గజాలకి కూడా ఈ లెక్క తప్పలేదు. అమెరికాలో టాప్ ఫ్యూయల్ అని ఒక తరగతి కార్లున్నాయి. నైట్రోమీథేన్ తాగి, గంటకి ఐదు వందల కిలోమీటర్లు దాటేస్తాయి. ఒక పరుగు అయితే చాలు, టీమంతా మీద పడి ఇంజను విప్పి మళ్ళీ కట్టాల్సిందే, అదీ గంట లోపు. 2008 జూన్‌లో స్కాట్ కలిటా అనే పేరున్న డ్రైవర్ గీత దాటాక కారు ఆగక చనిపోయాడు. ఆ తర్వాత అక్కడి పెద్దలు ఏం చేశారు? అంత వేగం కార్లకి గెలుపు గీతనే ముందుకి జరిపారు. 1,320 అడుగుల పరుగుని 1,000 అడుగులకి కుదించారు. మిగిలిన 320 అడుగులూ ఆగడానికి కలిపారు. రికార్డుల పుస్తకం ఏమైనా కానీ, మనిషి ఆగాలి అన్నారు.

బ్రేకు బాగయింది. తనిఖీ పాసయ్యాం. మొదటి పరుగు. బోయినపల్లి కుర్రాడు పచ్చ పడకముందే రవ్వంత కదిలాడు. ఎర్ర దీపం! అదృష్టం కొద్దీ అది ప్రాక్టీసు పరుగు. తిరిగి వచ్చి హెల్మెట్ తీశాక వాడి మొహం చూడాలి. ఇక్కడ ఇంకో చిత్రం ఉంది. దీపం పడ్డాక కదలడానికి పట్టిన సమయం వేరు, కదిలాక గీత చేరడానికి పట్టిన సమయం వేరు. గడియారాలు రెండూ విడివిడిగా చూపిస్తాయి. అవతలి బండి మనకన్నా వేగంగా వెళ్ళినా, దీపం దగ్గర మనం చురుగ్గా ఉంటే మనమే గెలవచ్చు. అంటే ఇది బండికే కాదు, నిగ్రహానికి కూడా పరీక్ష. ఎప్పుడు కదలాలో, అంతకు మించి ఎప్పుడు కదలకూడదో తెలియాలి.

పది దాటేసరికి చెన్నై ఎండ మొదలైంది. ఉక్క. గాలి మారితే టూ స్ట్రోక్ ఇంజను అలుగుతుంది. ఉస్తాద్ ప్లగ్గు విప్పించి, మావాడి అరచేతిలో పెట్టారు. "రంగు చూడు. తెల్లగుంటే పెట్రోల్ తక్కువ, ఇంజన్ కాలిపోతది. నల్లగుంటే ఎక్కువైంది, గొంతుల అడ్డం పడ్డట్టు. బిస్కిట్ రంగుంటే బండి ఖుషీ." ప్లగ్గు తెల్లగా ఉంది. కార్బొరేటర్ విప్పి జెట్ మార్చారు. జెట్ అంటే గుండుసూది పట్టేంత చిన్న చిల్లున్న ఇత్తడి ముక్క. ఆ చిల్లులో వెంట్రుకవాసి తేడాతో పిస్టన్ బతకొచ్చు, పట్టేయొచ్చు. అంత వేగంలో పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం బిగిసిపోతుంది. ఆ తర్వాత సంగతి మనం మాట్లాడుకోనక్కర్లేదు.

మావాడు ఆ పూటంతా చేసిన పనులు నేను లెక్క పెట్టాను. చక్రం విప్పాడు, బిగించాడు. చైను తుడిచాడు. మూడుసార్లు ప్లగ్గు తీశాడు. పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలిపాడు. టైర్లో గాలి చూశాడు. బండి తోసుకుంటూ లైను దగ్గరికి తీసుకెళ్ళాడు, తోసుకుంటూ తెచ్చాడు. చేతులు మోచేతుల దాకా నలుపు. ఫోను జేబులోంచి తీయడమే మర్చిపోయాడు. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

మధ్యాహ్నం అసలు పరుగులు. మొదటి దాంట్లో గెలిచాం. రెండో దానికి ముందు క్లచ్ ప్లేట్లు మాడిపోయాయి. ఆ కమురు వాసన షెడ్డంతా. ఉస్తాద్ తెచ్చిన స్పేర్ సెట్టు సరిపోలేదు. టైము ఇరవై నిమిషాలు. పక్క టెంటు కొల్హాపూర్ కుర్రాళ్ళది. ఒకడు వచ్చి చూసి, మాట్లాడకుండా వెళ్ళి, తన డబ్బాలోంచి ప్లేట్లు తెచ్చి ఇచ్చాడు. తర్వాతి పరుగు ఎవరితోననుకున్నారు? వాళ్ళతోనే! "ఎందుకిచ్చినవ్ భయ్యా?" అని మావాడు వచ్చీరాని హిందీలో అడిగాడు. "నువ్వు లైను మీదకే రాకపోతే నేనెవరి మీద గెలవాలి?" అన్నాడు వాడు.

గెలిచాడు కూడా. మా బండి ఓడిపోయింది, రవ్వంత తేడాతో. ఉస్తాద్ వెళ్ళి ఆ కుర్రాడి వీపు తట్టి, వాళ్ళ పైపు ఎలా వెల్డింగ్ చేశారో చూడ్డానికి వంగారు. అరవై దాటిన మనిషి, ఓడిన ఐదో నిమిషంలో, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారు.

సాయంత్రం సామాను సర్దుతూ మావాడు లెక్క వేశాడు. "మామా, పొద్దున ఏడింటి సంది ఆరింటి దాకా. పదకొండు గంటలు. బండి ఉరికింది మూడుసార్లు. అన్నీ కలిపితే అర నిమిషం." ఆ లెక్క వాడే వేసుకున్నందుకు నాకు సంతోషం. నేను చెబితే నీతికథ అయ్యేది.

రోడ్డు మీద పందేలు వేసే పిల్లలకి దొరికేది ఆ అర నిమిషమే. దాని వెనక ఉన్న పదకొండు గంటలు దొరకవు. బ్రేకు చూసి వెనక్కి పంపేవాడు ఉండడు. ప్లగ్గు రంగు చెప్పే ఉస్తాద్ ఉండడు. అంబులెన్సు ఉండదు. ఓడిపోయినవాడి వీపు తట్టేవాడు అంతకన్నా ఉండడు, ఎగతాళి చేసి ఇంకోసారి రెచ్చగొట్టేవాళ్ళు తప్ప. వేగానికి పెద్దరికం నేర్పేదంతా పిట్స్‌లోనే ఉంది. మన పిల్లలు దాన్ని దాటేసి నేరుగా గీత మీదకి వెళ్ళిపోతున్నారు.

ఇది మన ఒక్క ఊరి రోగం కాదు. డ్రాగ్ రేసు పుట్టిందే ఇలా. రెండో యుద్ధం అయ్యాక కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు పాత కార్లకి ఇంజన్లు మార్చి, రాత్రిళ్ళు వీధుల్లో పందేలు వేసేవారు. చచ్చేవాళ్ళు చచ్చారు, పోలీసులు తరిమారు, పత్రికలు తిట్టాయి. 1950లో సాంటా ఆనా అనే ఊళ్ళో ఒక విమానాశ్రయం రన్‌వే మీద ఆదివారాలు రేసులు మొదలుపెట్టారు. చూశారా, మళ్ళీ రన్‌వే! 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం పెట్టాడు. పిల్లల్ని వీధుల్లోంచి తప్పించాలన్నదే ఆయన పట్టుదల. 1953లో వాళ్ళ మొదటి అధికారిక రేసు పొమోనాలో జరిగింది. మరుసటి ఏడాది ఊరూరా తిరిగి రేసులు పద్ధతిగా ఎలా పెట్టాలో నేర్పడానికి ఒక బృందం బయల్దేరింది. దాన్ని నడిపించింది బడ్ కూన్స్. ఆయన పొమోనా పోలీసు సార్జెంటు! పిల్లల వెంటపడి పట్టుకోవాల్సిన పోలీసే వాళ్ళకి చోటు చూపించడానికి బయల్దేరాడు. ఇంగ్లండ్‌లోనూ అంతే. పేరు మోసిన సాంటా పాడ్ డ్రాగ్ ట్రాకు 1966లో వచ్చింది, యుద్ధకాలం నాటి వైమానిక స్థావరంలోనే.

మన చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసు పెడితే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది దాకా జైలు, జరిమానా అయితే పది వేల దాకా. బండి నడిపింది మైనరైతే తల్లిదండ్రులకే మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేల జరిమానా. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, తెలుసుకోండి. అయితే ఆ 189వ సెక్షన్‌లోనే ఒక చిన్న మాట ఉంది. "రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా" రేసు పెట్టడం నేరం. అంటే చట్టం తలుపు మూసేయలేదు. గొళ్ళెం ప్రభుత్వం చేతికిచ్చింది.

ఆ గొళ్ళెం తీయడం మనకి చేతకానిదేమీ కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డునే ఫార్ములా ఈ రేసు జరగలేదా? రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు చుట్టు, పద్దెనిమిది మలుపులు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనుప వలలు. ఫ్రాన్స్‌కి చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఆ రాజకీయం మనకొద్దు. నేను అడిగేది అంత పెద్దది కాదు. కోట్లు అక్కర్లేదు, విదేశీ కార్లు అక్కర్లేదు. నగరం చుట్టుపక్కల వాహనాలు తిరగని ఒక కిలోమీటరు తిన్నటి రోడ్డు, నెలకో ఆదివారం పొద్దున. మూడు వందల మీటర్లు పరుగుకి, మిగతాదంతా ఆగడానికి. ఒక అంబులెన్సు, ఒక తనిఖీ బల్ల, నలుగురు పోలీసులు, నలుగురు ఉస్తాద్‌లు. బ్రేకు సరిగ్గా లేని బండిని వెనక్కి పంపించే ఒక మొండి మనిషి. ఈ సికింద్రాబాద్‌లో ఉస్తాద్‌లకి కొరతా?

"రేసులు చూపిస్తే పిల్లలు ఇంకా పాడైపోరూ?" అని మీరు అడగొచ్చు. మా అక్కా అడిగింది. చెన్నై నుంచి వచ్చాక మావాడు బుద్ధుడైపోయాడని నేను అనను. బండి అమ్మేయలేదు. కానీ వచ్చిన వారంలోనే ముందూ వెనకా బ్రేకు ప్యాడ్లు మార్పించాడు, ఎవరూ చెప్పకుండా. ఆదివారాలు ఉస్తాద్ షెడ్డుకి వెళ్తున్నాడు. తిట్లు తింటున్నాడు, ప్లగ్గులు కడుగుతున్నాడు. అక్క చెవి ఇప్పటికీ వీధి వైపే ఉంటుంది. అది ఉండాల్సిందే.

తాళాలు లాక్కుంటే పిల్లాడు స్నేహితుడి బండెక్కుతాడు. ఫోన్ లాక్కుంటే ఇంకో ఫోన్ దొరుకుతుంది. వాడి చేతికి ఒక పానా ఇచ్చి, ఒక మంచి మెకానిక్ పక్కన కూర్చోబెట్టి చూడండి. వేగంగా పోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు, అది వాళ్ళకి వయసు నేర్పేస్తుంది. ఆగడమే ఎవరో ఒకరు నేర్పాలి. అది నేర్పే చోటు మన ఊళ్ళో ఒక్కటైనా ఉండాలని అడగడం తప్పంటారా?